కంట్రోలర్‌ను సస్పెండ్ చేస్తే ఆకాశం భద్రమవుతుందా?

2023 మార్చి 24న కౌలాలంపూర్ నుంచి కాఠ్మాండూ వస్తున్న నేపాల్ ఎయిర్‌లైన్స్ విమానం, ఢిల్లీ నుంచి అక్కడికే వస్తున్న ఎయిరిండియా విమానం గాల్లో ప్రమాదకరంగా దగ్గరయ్యాయి. ఒకటి 15 వేల అడుగుల ఎత్తులో ఉంది. రెండోది 19 వేల అడుగుల నుంచి దిగుతూ దాని ఎత్తుకు వచ్చేసింది. ప్రాణాలకు ఏమీ కాలేదు. రెండు రోజులు తిరక్కుండానే ముగ్గురు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను ‘నిర్లక్ష్యం’ పేరుతో విధుల నుంచి తప్పించినట్టు నేపాల్ పౌర విమానయాన సంస్థ ప్రకటించింది. దర్యాప్తు పూర్తికాకముందే తీర్పు వచ్చేసింది. తీర్పు వచ్చేసింది కాబట్టి జనం దర్యాప్తు సంగతే మర్చిపోయారు.

మన దేశంలోనూ వరస ఇదే. విమానాల మధ్య ఎడం తగ్గిందన్న వార్త వెనకే కంట్రోలర్ మీద వేటు పడిందన్న వార్త వస్తుంది. టీవీ చర్చల్లో, రైలు ప్రయాణాల్లో, కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో అందరూ అదే సరైన పని అంటారు. అది సరైన పని కాదనీ, మనందరి ప్రాణాలకు చేటు తెచ్చే పని అనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా అవతలి వాదనను దాని పూర్తి బలంతో చెప్పుకోవాలి. కంట్రోలర్ చేతిలో వందల ప్రాణాలుంటాయి. అతనికి శిక్షణ ఇచ్చారు, లైసెన్సు ఇచ్చారు, మంచి జీతం ఇస్తున్నారు. ఎత్తు, దూరం, దిశ అన్నీ తెర మీద కనిపిస్తూనే ఉంటాయి. అయినా రెండు విమానాలను ఒకే చోటికి పంపాడంటే అది అతని తప్పే. ఆపరేషన్‌లో పొరపాటు చేసిన డాక్టర్ని, సిగ్నల్ దాటిన రైలు డ్రైవర్ని అడిగినట్టే అతన్నీ అడగాలి. కఠినంగా శిక్షిస్తే మిగతావాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. ఎలాగూ చివరి క్షణంలో కాపాడుతున్నది విమానంలోని యంత్రమే కాబట్టి, కాలం గడిచేకొద్దీ ఈ పనిని కంప్యూటర్‌కు అప్పగించడమే మేలు. ఇవేవీ బుద్ధిలేని మాటలు కావు. ప్రయాణికుడి భయంలోంచి వచ్చిన మాటలు. కానీ ఒక్కొక్కదాన్నీ పట్టి చూస్తే ఏదీ నిలబడదు.

అసలు ఎడం అంటే ఎంతో తెలిస్తే చర్చ తేలికవుతుంది. మార్గమధ్యంలో ఎగిరే జెట్ విమానాల మధ్య రాడార్ నియంత్రణలో మామూలుగా 5 నాటికల్ మైళ్ల దూరమో, లేదా 1,000 అడుగుల ఎత్తు తేడానో ఉండాలి. విమానాశ్రయాల చుట్టుపక్కల ఆ దూరం 3 మైళ్లకు తగ్గుతుంది. ఎత్తు తేడా చాలనప్పుడు దూరం కూడా 4.8 మైళ్లకు పడిపోయిందంటే ఎడం పోయినట్టే లెక్క, విచారణ మొదలవ్వాల్సిందే. ఎదురెదురుగా గంటకు 450 నాటికల్ మైళ్ల వేగంతో వచ్చే రెండు విమానాలకు ఆ 5 మైళ్లు కరిగిపోవడానికి పట్టేది 20 సెకన్లు. కంట్రోలర్ తెర మీద ప్రతి విమానమూ ఒక చుక్క. దాని పక్కన కాల్‌సైన్, వందల అడుగుల లెక్కలో ఎత్తు, అది ఎక్కుతోందో దిగుతోందో చెప్పే చిన్న బాణం గుర్తు. అతను ఒక ఆదేశం ఇస్తాడు. పైలట్ దాన్ని తిరిగి చదివి వినిపిస్తాడు. చదివింది సరిగ్గా ఉందో లేదో కంట్రోలర్ చెవిపెట్టి వినాలి. వింటూనే తర్వాతి విమానానికి ఏం చెప్పాలో ఆలోచించాలి. గంటల తరబడి ఇదే పని.

1. ‘తప్పు అతనిది, కాబట్టి కారణం అతనే’

ఈ వాదనలో మొదటి లోపం ఇక్కడే ఉంది. చివరగా తప్పిన చెయ్యి ఎవరిదో చెప్పగానే కారణం చెప్పేసినట్టు అనుకోవడం.

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబెర్లింగెన్ పైన రష్యాకు చెందిన టుపొలెవ్ ప్రయాణికుల విమానం, డీహెచ్ఎల్ సరుకు విమానం ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది సెలవులకు బయల్దేరిన బడిపిల్లలు. ఆ గగనతలాన్ని చూస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రం. ‘కంట్రోలర్ పొరపాటు’ అన్న రెండు మాటలతో ఈ కథ ముగించవచ్చు. ముగించకుండా ఆ గదిలోకి వెళ్లి చూడండి.

డ్యూటీలో ఉన్నది ఇద్దరు. ఒకరు విశ్రాంతికి వెళ్లారు. రాత్రిపూట అలా వెళ్లడం ఏళ్లుగా సాగుతున్న అలవాటు, యాజమాన్యానికి తెలిసే జరుగుతోంది. మిగిలిన ఒక్కడి ముందు రెండు స్థానాలు, రెండు ఫ్రీక్వెన్సీలు. ప్రధాన రాడార్ వ్యవస్థకు ఆ రాత్రే నిర్వహణ పనులు పెట్టారు. దాంతో ఢీకొనే ప్రమాదాన్ని ముందే తెర మీద చూపించే హెచ్చరిక పనిచేయడం లేదు. పక్క కేంద్రాలతో మాట్లాడే ప్రధాన టెలిఫోన్ వ్యవస్థను కూడా ఆపేశారు. దానికి బదులుగా ఉంచిన లైను చెడిపోయి ఉంది. అప్పుడే ఫ్రెడరిక్స్‌హాఫెన్‌లో దిగడానికి ఆలస్యంగా ఒక ఎయిర్‌బస్ వచ్చింది. దాన్ని అక్కడివాళ్లకు అప్పగించాలని ఇతను ఫోన్ కలుపుతున్నాడు, కలవడం లేదు. మళ్లీ కలుపుతున్నాడు, కలవడం లేదు. అదే సమయంలో జర్మనీలోని కార్ల్స్‌రూహే కంట్రోలర్ల తెర మీద ప్రమాద హెచ్చరిక వెలిగింది. వాళ్లు జ్యూరిక్‌కు ఫోన్ మీద ఫోన్ చేశారు. అదీ కలవలేదు. ఇతను రెండో తెర వైపు తిరిగి రష్యన్ విమానాన్ని దిగమని చెప్పేసరికి మిగిలింది 43 సెకన్లు.

అతను తప్పు చేశాడా? చేశాడు. ఆలస్యంగా చూశాడు. అవతలి విమానం ఎడమవైపు ఉంటే కుడివైపు ఉందని రష్యన్ పైలట్లకు చెప్పాడు. ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఆ రాత్రి అతన్ని లేపి, అతనికంటే సమర్థుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెడితే ఆ ఫోను పలికేదా? తెర మీద హెచ్చరిక వెలిగేదా? రెండు తెరలను ఒకేసారి చూడగల కళ్లు అతనికి మొలిచేవా? మనిషిని మార్చినా ప్రమాదం అక్కడే ఉంటే, కారణం ఆ మనిషిలో లేదు. మనిషి ఏ పరిస్థితుల మధ్య కూర్చున్నాడో ఆ పరిస్థితుల్లో ఉంది. ఆ పరిస్థితులు ఆకాశం నుంచి ఊడిపడవు. రోస్టర్ ఒకరు వేస్తారు, నిర్వహణ పనులకు తేదీ ఒకరు పెడతారు, ఒక్కడే ఉన్నా ఫరవాలేదని ఒకరు ఊరుకుంటారు.

2. ‘శిక్ష పడితే మిగతావాళ్లు జాగ్రత్తపడతారు’

శిక్ష భయం పనిచేసేది తెలిసి చేసే పనుల మీద. తాగి బండి నడిపేవాడు తాగాలా వద్దా అని ఎంచుకోగలడు. 907 అనే విమానాన్ని 958గా పొరబడేవాడు ఎంచుకున్నదేమీ లేదు. పొరబడుతున్నానని తెలిస్తే అది పొరపాటే కాదు.

ఆ రెండు అంకెలు నిజం. 2001 జనవరి 31న జపాన్‌లో శిక్షణలో ఉన్న ఒక కంట్రోలర్ జపాన్ ఎయిర్‌లైన్స్ 958ని దిగమనబోయి 907ను దిగమన్నాడు. పక్కనున్న పర్యవేక్షకురాలూ గుర్తించలేదు. రెండు విమానాలూ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. దాదాపు 100 మంది గాయపడ్డారు. ఇద్దరు కంట్రోలర్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. కింది కోర్టు నిర్దోషులంది, పై కోర్టు దోషులంది, 2010లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. దాదాపు పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్ల వ్యాజ్యం వల్ల ఏ కంట్రోలర్ నాలుకైనా అంకెలు తడబడకుండా ఉండటం నేర్చుకుందా? ఆ ఘటన నేర్పిన అసలు పాఠం వేరే. విమానంలోని హెచ్చరిక యంత్రం ఒకటి చెప్పి, కంట్రోలర్ మరొకటి చెబితే పైలట్ ఎవరి మాట వినాలి? అక్కడ 907 పైలట్ యంత్రం ఎక్కమంటున్నా కంట్రోలర్ మాట విని కిందికి దిగాడు. ఆ ప్రశ్నకు ప్రపంచమంతటా ఒకే జవాబు ఖాయం కాకముందే, 17 నెలల తర్వాత ఉబెర్లింగెన్‌లో సరిగ్గా అదే ప్రశ్న 71 ప్రాణాలు తీసింది.

ఇంకా వెనక్కి వెళితే 1976 సెప్టెంబరు 10. అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ పైన బ్రిటిష్ ఎయిర్‌వేస్ ట్రైడెంట్, ఇనెక్స్ ఆడ్రియా డీసీ-9 ఢీకొని 176 మంది పోయారు. యూరప్‌లో అత్యంత రద్దీ మార్గాల్లో ఒకటి అది. పై సెక్టారును ఆ నిమిషాల్లో ఒక్క కంట్రోలరే చూస్తున్నాడు. పక్కన సాయంగా ఉండాల్సిన మనిషి సీట్లో లేడు. ఎక్కుతున్న డీసీ-9ను ఉన్న ఎత్తులోనే ఆగమని చివరి క్షణంలో చెప్పాడు. అది వెళ్లి ఆగింది ట్రైడెంట్ ఎగురుతున్న 33 వేల అడుగుల ఎత్తులోనే. విచారణను ఎదుర్కొన్నవారిలో అతనొక్కడికే శిక్ష పడింది, ఏడేళ్ల జైలు. కంట్రోలర్ల విన్నపాల తర్వాత 1978లో విడుదల చేశారు. అంత కఠిన శిక్ష చూసి లోకంలోని కంట్రోలర్లంతా జాగ్రత్తపడి ఉంటే జపాన్ ఘటనా, ఉబెర్లింగెన్ ఘటనా జరగకూడదు కదా.

శిక్ష భయం తప్పును ఆపదు. తప్పు బయటికి రావడాన్ని మాత్రం ఆపుతుంది. 2022 జనవరిలో బెంగళూరులో ఇండిగో విమానాలు రెండు ఒకేసారి గాల్లోకి లేచి ఒకదాని దారికి ఒకటి వచ్చాయి. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రాథమిక నివేదిక ఆధారంగా వచ్చిన వార్తల ప్రకారం, ఒక రన్‌వేను ఆపేసి రెండో దానితోనే పని నడపాలని షిఫ్టు ఇన్‌చార్జి నిర్ణయించాడు. ఆ సంగతి దక్షిణ టవర్ కంట్రోలర్‌కు చేరలేదు. అతను తనవైపు నుంచి ఒక విమానాన్ని వదిలాడు. ఆ ఘటన ఏ లాగ్‌బుక్‌లోనూ నమోదు కాలేదు. కొన్ని రోజుల తర్వాతగానీ లోకానికి తెలియలేదు. రాయకపోవడం ముమ్మాటికీ తప్పే. కానీ రాసినవాడి మెడ మీదే కత్తి పడుతుందని అందరికీ తెలిసిన చోట రాయకపోవడం ఆశ్చర్యం కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ డెన్మార్క్. తన పొరపాటును తానే నివేదించిన కంట్రోలర్‌కు శిక్ష ఉండదని 2001లో అక్కడ చట్టం చేశారు. అంతకుముందు ఏడాది 15 నివేదికలు వచ్చిన చోట చట్టం తర్వాతి ఏడాది 980 వచ్చాయి. డెన్మార్క్ కంట్రోలర్లు ఒక్కసారిగా చేతగానివాళ్లయిపోయారా? అంతకుముందు కూడా ఆ పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. ఎవరికీ తెలియకుండా జరిగాయి, అంతే. తెలియని పొరపాటును దిద్దే దారి లేదు.

3. ‘యంత్రం కాపాడింది, మనిషి ముంచాడు’

విమానాల్లో ఉండే టీకాస్ అనే హెచ్చరిక యంత్రం లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. అందులో అనుమానం లేదు. యంత్రానికీ కంట్రోలర్‌కూ మాట తేడా వస్తే యంత్రం మాటే వినాలన్న నియమం కూడా ఉబెర్లింగెన్ తర్వాత గట్టిపడింది. ఆ రాత్రి డీహెచ్ఎల్ పైలట్లు యంత్రం చెప్పినట్టు దిగారు. రష్యన్ పైలట్లు యంత్రం ఎక్కమంటున్నా కంట్రోలర్ చెప్పినట్టు దిగారు. రెండూ కిందికే వచ్చాయి. యంత్రం ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే చేదు సాక్ష్యం అక్కర్లేదు. యంత్రాన్ని ఎలా వాడాలో మనుషులు ముందే ఒక మాట మీదికి రావాలి.

నేలకు దగ్గరగా వచ్చేసరికి యంత్రం కూడా చేతులెత్తేస్తుంది. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో దిగుతున్న ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. విమానంలోని టీకాస్ ‘ట్రాఫిక్’ అని హెచ్చరించింది గానీ తప్పుకొనే ఆదేశం ఇవ్వలేదు. ఆ ఎత్తులో ఇవ్వకుండా ఉండేట్టే దాన్ని తయారు చేశారు. ఆ రాత్రి టవర్‌లో హెలికాప్టర్లనూ విమానాలనూ ఒకే కంట్రోలర్ చూస్తున్నాడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలిన లెక్క వినండి: 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా ఆ విమానాశ్రయం దగ్గర హెలికాప్టర్లు, విమానాలు మైలులోపు దూరానికి, 400 అడుగులలోపు ఎత్తు తేడాకు వచ్చిన సందర్భాలు 15,214. వాటిలో 85 సార్లు మరీ దగ్గరికి వచ్చాయి. సమాచారం యంత్రాల్లో భద్రంగా ఉంది. దాన్ని చూసి హెలికాప్టర్ల దారి మార్చాల్సిన బాధ్యత మనుషులది. ఆ మనుషులు టవర్‌లో కూర్చున్నవాళ్లు కారు.

బెంగళూరులో ఏం జరిగిందో కూడా పూర్తిగా చెప్పాలి. ఆ రెండు విమానాలను విడదీసింది మరో కంట్రోలరే. అప్రోచ్ రాడార్ దగ్గర కూర్చున్న కంట్రోలర్ చూసి, దిశ మార్చమని చెప్పడంతో ప్రమాదం తప్పింది. వేటు పడిన కంట్రోలర్ గురించి అందరికీ తెలుసు. కాపాడిన కంట్రోలర్ గురించి ఎంతమంది విన్నారు? 2025 నవంబరులో ఢిల్లీలో విమానాల ప్రణాళికలను చేరవేసే మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ కుప్పకూలింది. వందల విమానాలు ఆలస్యమయ్యాయి. ఆ సమాచారాన్ని చేత్తో ఎక్కించుకుంటూ విమానాలను నడిపించింది కంట్రోలర్లే. యంత్రం ఆగిన రోజు ఆకాశాన్ని మోసేది మనిషే అయినప్పుడు, ఆ మనిషిని వ్యవస్థలో బలహీనమైన భాగంగా చూడటం లెక్కలోనే తప్పు.

4. ‘శిక్షించకపోతే ఇక బాధ్యత ఎక్కడ?’

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. తిలాపాపం తలా పిడికెడు అంటూ అందరికీ పంచేసి ఎవరినీ పట్టుకోకుండా వదిలేయడమేనా అని అడుగుతారు. కాదు. తాగి డ్యూటీకి వచ్చినవాణ్ణి, కావాలని నియమం తుంగలో తొక్కినవాణ్ణి, రికార్డు మార్చినవాణ్ణి ఎవరూ వెనకేసుకురావడం లేదు. అలాంటివాణ్ణి శిక్షించాల్సిందే. ఎడం పోయిన వెంటనే ఆ కంట్రోలర్‌ను తెర ముందు నుంచి లేపి వేరొకరిని కూర్చోబెట్టడం కూడా సరైనదే, ఎందుకంటే ఆ క్షణంలో అతని మనసు నిలకడగా ఉండదు. అది భద్రతా చర్య. దానికి సస్పెన్షన్ అని పేరు పెట్టి, నిర్లక్ష్యమని ముద్ర వేసి పత్రికలకు ఎక్కించడం మాత్రం తీర్పు.

ఆ తీర్పు ఎక్కడిదాకా వెళుతుందో ఉబెర్లింగెన్ చూపించింది. భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న ఒక తండ్రి 2004 ఫిబ్రవరిలో ఆ కంట్రోలర్ ఇంటికి వెళ్లి అతన్ని పొడిచి చంపాడు. 2007లో స్విస్ కోర్టు అదే సంస్థలోని మరో నలుగురు బాధ్యులను నిర్లక్ష్యం వల్ల మరణాలకు కారకులుగా తేల్చింది. ఆ కోర్టు చూసిన సంగతులను ముందే అందరికీ విడమరిచి చెప్పి ఉంటే, ఒక తండ్రి దుఃఖమంతా ఒక్క ఇంటి గుమ్మం వెతుక్కుంటూ వెళ్లేది కాదేమో.

బాధ్యత నిజంగా ఎలా ఉంటుందో మన దేశమే చూపించింది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ బోయింగ్ 747, కజక్ ఇల్యూషిన్-76 ఢీకొని 349 మంది చనిపోయారు. ప్రపంచంలో గాల్లో జరిగిన అతి పెద్ద విమాన ఢీ అదే. కంట్రోలర్ 747ను 14 వేల అడుగుల దగ్గర, ఇల్యూషిన్‌ను 15 వేల అడుగుల దగ్గర ఉండమన్నాడు. ఎదురుగా విమానం వస్తోందని హెచ్చరించాడు కూడా. ఇల్యూషిన్ తన ఎత్తు కంటే కిందికి దిగిపోయిందని జస్టిస్ లాహోటీ కమిషన్ తేల్చింది. తప్పు ఫలానావారిదని తేలింది, వాళ్లు చనిపోయారు, అంతటితో ఫైలు మూసేయవచ్చు. కానీ ప్రశ్న అక్కడ ఆగలేదు. వచ్చే విమానాలకూ వెళ్లే విమానాలకూ ఒకే దారి ఎందుకుంది? విమానం ఎత్తును తెర మీద చూపించే రాడార్ ఢిల్లీలో ఎందుకు పనిలోకి రాలేదు? టీకాస్ ఎందుకు తప్పనిసరి కాలేదు? తర్వాత దారులు వేరు చేశారు, ఎత్తు చూపే రాడార్ వచ్చింది, టీకాస్ తప్పనిసరి అయ్యింది. ఎవరినీ జైలుకు పంపకుండానే మన ఆకాశం ముందుకంటే భద్రమైంది. బాధ్యత తీసుకోవడమంటే ఇదీ.

5. అయితే చేయాల్సిందేమిటి?

శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపేది ప్రైవేటు సంస్థ అయినా అక్కడి ఆకాశాన్ని చూసేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కంట్రోలర్లే. విజయవాడ, విశాఖ, తిరుపతిలోనూ బాధ్యత ప్రభుత్వానిదే. ఫిజిక్సు, ఇంజనీరింగు చదివిన తెలుగు పిల్లలెందరో ఏటా ఈ ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తున్నారు. వాళ్లలో రేపు ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఒక అంకె తడబడతారు. తడబడతారని తెలిసే వ్యవస్థను కట్టాలి. తడబడరని నమ్మి కట్టిన వ్యవస్థకు భద్రత అన్న పేరు చెల్లదు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. పొరపాటును తానే నివేదించినవారికి రక్షణ ఉంటుందని చట్టంలోనే స్పష్టంగా రాయాలి. సర్క్యులర్లతో సరిపెట్టకూడదు. ఎడం పోయిన ప్రతి ఘటన నివేదికలోనూ ఆ రోజు సీట్లో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, ఎన్ని గంటలుగా ఉన్నారు, ఏ పరికరం పనిచేయలేదు అన్న నాలుగు సంగతులూ తప్పనిసరిగా ఉండాలి, వాటిని జనానికి చూపించాలి. కంట్రోలర్ల కొరత గురించీ అలసట గురించీ పార్లమెంటు స్థాయీ సంఘం 2025లో ఆందోళన చెప్పింది. డ్యూటీ గంటల పరిమితికి మినహాయింపులు ఇస్తూ పోవడం ఆపాలి. మినహాయింపు మీద సంతకం పెట్టిన అధికారి పేరు కూడా దర్యాప్తు నివేదికలో ఉండాలి.

ఇకపై రెండు విమానాలు దగ్గరయ్యాయన్న వార్త వచ్చినప్పుడు ‘ఎవర్ని సస్పెండ్ చేశారు?’ అని అడగడం మానండి. ‘ఏం మార్చారు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు లేని ప్రకటన ఏదైనా, అందులో ఎందరి మీద వేటు పడినా, మన ప్రాణాలకు పూచీ ఇవ్వదు. కంట్రోలర్ మీద వేటు వేసి చేతులు దులుపుకొనే అధికారి తర్వాతి ప్రమాదానికి దారి తెరిచి ఉంచుతున్నాడు. జవాబు చెప్పాల్సిన మొదటి మనిషి అతనే.